ఎడమ కాలు

బంతికి ఆముదం పట్టించే పని సుందరరాజులు ఎవరికీ వదిలేవాడు కాదు. సాయంత్రం ఆట ముగించుకుని ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, అరుగు మీద గోనెపట్టా పరచుకుని, బంతిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ముందు తడిగుడ్డతో ఇసుక తుడిచేవాడు. తరవాత ఆముదంలో ముంచిన గుడ్డపీలికతో కుట్ల వెంబడి ఒక్కొక్క తోలుముక్కనూ నిమిరేవాడు. చివరికి బంతి నోటిని బిగించిన తోలువారును వేలితో లాగి చూసి, వదులు కాలేదని నమ్మకం కుదిరాకనే దాన్ని తాళ్ల చిక్కంలో వేసి వాసానికి తగిలించేవాడు. గుడియాత్తం నేతవీధుల్లో అలాంటి బంతి ఇంకొకటి లేదు. నేతగాళ్ల సంఘం వాళ్లు నడిపే బడికి ఆయన డ్రిల్లు మాస్టరు. మగ్గాల మధ్య పుట్టిన పిల్లలకు బంతాట అనేది ఒకటుందని చూపించింది ఆయనే. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు ఆయనే చెప్పేవాడు.

ఆ రోజు ఆయన ఆటకు పోలేదు. శనివారం పిల్లలను వేలూరు బడితో ఆటకు తీసుకుపోవాలి. రైలు సంగతి మాట్లాడి రమ్మని హెడ్మాస్టరు ఆయన్ని స్టేషనుకు పంపాడు. స్టేషను ఊరికి దూరం. తిరిగొచ్చేసరికి పొద్దు కుంకింది. బంతి అప్పటికే చిక్కంలో ఉంది. దించి ఒళ్లో పెట్టుకున్నాడు. తోలువారు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

తోలువారు నడుమ తెగింది. ఎవరో అతికారు. ముడి చిన్నది, గట్టిది, కొసలు కిందికి దోపి ఉన్నాయి. తడిమితే తప్ప తెలియదు. తను వేసే ముడి కాదది.

"కోమలా, ఈ బంతి ముట్టింది ఎవురు?"

భార్య లోపల్నుంచే జవాబిచ్చింది. "పిలకాయలు తెచ్చి ఇచ్చినారు. నేను తగిలించినాను. ఈ పొద్దు వేలూరు అయివోరు ఆడించినాడంట గదా."

"రంగనాథనా? నా బంతితోనా?"

"బడి బంతి."

"బడి బంతికి రోజూ ఆముదం పూసేది ఎవురు? బడా?"

కోమల చేట పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. "నా తలకు లేకపోయినా దానికి ఉండాల ఆముదం. నేనేమన్నా అంటినా? సవితిని తెచ్చి ఇంట్లో పెట్టినా నాకు ఇంత కుళ్లు పుట్టదు, మీకు పుట్టినట్టు."

"కుళ్లు ఎవురికే?"

"నాకే లెండి," అని ఆమె చేటతో లోపలికి పోయింది.

రంగనాథన్ ఆ బడికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. వేలూరు బజారులో అంగడి ఉన్నవాళ్ల బిడ్డ. పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. కాలేజీలో బంతాట ఆడినవాడు. సాయంత్రాలు ఏటి ఒడ్డుకు వచ్చి, చెప్పులు విడిచి, ఇసుకలో కూర్చుని ఆట చూసేవాడు. నోరెత్తేవాడు కాదు. ఆ నోరెత్తకపోవడమే సుందరరాజులుకు గిట్టేది కాదు. తిట్టేవాణ్ని తిరిగి తిట్టవచ్చు. ఊరికే చూస్తూ కూర్చున్నవాణ్ని ఏం చేస్తాం? ఇప్పుడు తెలిసింది, ఊరికే కూర్చోవడం లేదని.

మర్నాడు సాయంత్రం ఎండిన ఏటిలో వెదురుబొంగులు పాతి ఆట మొదలుపెట్టారు. సుందరరాజులు బెత్తం చంకన పెట్టుకుని ఇసుకలో అటూ ఇటూ నడుస్తున్నాడు. కళ్లు కన్నన్ మీదనే ఉన్నాయి.

కన్నన్ పంకజమ్మ కొడుకు. తండ్రి లేడు. బడి లేని వేళల్లో తల్లికి మారుగా మగ్గం గుంతలో దిగుతాడు. ఎడమ తొక్కుడుకర్ర, కుడి తొక్కుడుకర్ర మార్చి మార్చి తొక్కిన కాళ్లు కావడంతో వాడికి ఏ కాలైనా ఒకటే. మిగతా పిల్లలు బంతిని కుడికాలి మీదికి తెచ్చుకునే లోపల వాడు ఎడమకాలితో తన్నేసి ఉంటాడు. "గుడియాత్తంలో ఇట్లాంటి కాళ్లు ఇంకొక జత లేవు. నేను తయారు చేసినాను," అని సుందరరాజులు కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. తయారు చేసింది మగ్గం గదా అని ఎవరైనా అంటే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

ఎప్పుడూ తల వంచుకుని, బంతిని ఒక్కడే తోసుకుంటూ పోయే కన్నన్ ఆ రోజు నడుమ ఆగాడు. తల ఎత్తి చూశాడు. అవతల ఒంటిగా నిలబడి ఉన్న చిన్నమణికి బంతి పంపాడు. చిన్నమణి దాన్ని బొంగుల మధ్య తన్నాడు. పిల్లలంతా కేకలు పెట్టారు.

"కన్నా, ఇట్ల రా."

వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నీ కాళ్ల దగ్గరుండే బంతిని వాడికెందుకు ఇచ్చినావు?"

"చిన్నమణి ముందర ఎవురూ లేరు అయివోరా."

"నీకెట్ల తెలిసె? నెత్తిన కండ్లుండాయా?"

"తల ఎత్తి చూసినాను అయివోరా. బంతిని కాలు చూసుకుంటాది, కండ్లు మనుషుల్ని చూడాల అని వేలూరు అయివోరు చెప్పినారు."

మంచి మాట అది. వినగానే మంచి మాటని సుందరరాజులుకు తెలిసింది. ఇన్నేళ్లలో అది తన నోట రాలేదు. చంకలోని బెత్తం చేతికి ఎప్పుడు వచ్చిందో ఆయనకే తెలియదు. కన్నన్ ఎడమ పిక్క మీద చుర్రుమంది. వాడు కాలు ఒకసారి ఎత్తి దించాడు. నిమురుకోలేదు.

"నేను చెప్పినట్టు ఆడు. పో."

ఇసుకలో కూర్చున్న రంగనాథన్ లేచి నిలబడ్డాడు. పిల్లలు ఇళ్లకు పోయేదాకా అట్లాగే నిలబడి, తరవాత దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక మాట. శనివారం వేలూరులో బెత్తం పనికిరాదు."

"ఏం, ఆడ పిలకాయలకు ఒళ్లు లేదా?"

"ఆ బడిలో ఒక కట్టుబాటు పెట్టుకోని ఉండారు. ఆడించే అయివోరు సున్నం గీత దాటి లోపలికి పోగూడదు. ఆట నడిచేటప్పుడు అరవగూడదు. బెత్తం గేటు దగ్గరే ఇచ్చేయాల. గెలిచినా ఓడినా ఇద్దరు అయివోర్లూ చేతులు కలపాల. ఓడినారని పిలకాయల్ని నలుగురిలో తిట్టగూడదు."

"అయితే అయివోరు పోయేది దేనికప్పా? అన్నం మూటలకు కావిలా?"

రంగనాథన్ నవ్వాడు. "పిలకాయలు వెనక్కి తిరిగి చూస్తే మనం కనబడాల గదన్నా. దానికి."

సుందరరాజులు బంతిని చిక్కంలో వేసుకున్నాడు.

"ఇంకొకటి గూడా ఉండాది," అన్నాడు రంగనాథన్. "ఆ బడి హాస్టల్లో ఒక చోటు ఖాళీ. కూడు, గుడ్డ, చదువు అంతా వాళ్లదే. బాగా ఆడే పిలకాయకు ఇస్తామన్నారు. పోయినసారి ఊరికి పోయినప్పుడు మన కన్నన్ని గురించి చెప్పి వచ్చినాను. శనివారం వాడి ఆట చూస్తారు."

"నాతో ఒక మాట అనాలని తోచలేదా?"

"అందుకే ఇప్పుడు అంటా ఉండాను."

ఇంటికి నడుస్తున్నంతసేపూ సుందరరాజులుకు వేరే ఏ మాటా గుర్తు రాలేదు. 'మన కన్నన్' అన్నాడు. నిన్నగాక మొన్న వచ్చి, 'మన' అన్నాడు.

*

శనివారం తెల్లవారుతుండగా బడి ముందు బండ్లు కట్టారు. పంకజమ్మ అన్నం మూట పట్టుకుని వచ్చింది. చేతి వేళ్లకు ఇంకా గంజి అంటుకుని ఉంది. సుందరరాజులు ముందుకు వచ్చి చేయి చాచాడు. ఆమె ఆయన్ని చూడలేదు. బండి అవతల నిలబడి ఉన్న రంగనాథన్ దగ్గరికి పోయి మూట అతని చేతిలో పెట్టింది.

"నాయనా, వాణ్ని నీ చేతిలో పెడతా ఉండాను. ఆ చోటు దొరికితే చాలు. మా అక్కను పిలిపించుకోని మగ్గం నడుపుకుంటాను. వాడు ఈ గుంతలోంచి పైకి వస్తే చాలు."

"అట్లనే అమ్మా."

చాచిన చేతితో సుందరరాజులు ఎద్దు మెడ నిమిరాడు.

రైల్లో కన్నన్ రంగనాథన్ పక్కన కూర్చున్నాడు. "ఆడ పిలకాయలు యాడ పండుకుంటారు అయివోరా? దీపం ఉంటాదా? ఆదివారం ఇంటికి పంపిస్తారా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఎదురు బల్ల మీద కూర్చున్న సుందరరాజులు కిటికీ బయట చెరుకుతోటలను చూస్తూ ఒక్కొక్క మాటా విన్నాడు. తనను వాడు ఎప్పుడూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. అడిగితే బెత్తం లేస్తుందని వాడికి తెలుసన్నది ఆయనకు తోచలేదు.

కాట్పాడిలో దిగి, పాలారు వంతెన దాటి, కోట పక్కగా నడిచి ఆ బడికి చేరేసరికి ఎండ ముదిరింది. గేటు దగ్గర బంట్రోతు నమస్కారం పెట్టి చేయి చాచాడు. సుందరరాజులు బెత్తం ఇచ్చేశాడు. ఆ తరవాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. వెనక కట్టుకున్నాడు. మళ్లీ ముందుకు తెచ్చుకున్నాడు.

ఆ బడిలో ఆటలు చూసే బాలసుబ్రమణ్యం ఎదురొచ్చాడు. తెల్లటి చొక్కా, తలకు పాగా. ఇద్దరు అయివోర్లతోనూ చేతులు కలిపాడు. వెంటనే పిల్లల వైపు తిరిగాడు.

"మీలో కన్నన్ ఎవరు?"

రంగనాథన్ కన్నన్ భుజం మీద చేయి వేసి ముందుకు తెచ్చాడు. "వీడే. గుడియాత్తంలో ఇట్లాంటి కాళ్లు ఇంకొక జత లేవు."

అది సుందరరాజులు మాట. ఒక్కొక్క అక్షరమూ ఆయనదే. ఎన్ని అరుగుల మీద, ఎంతమంది ముందు అన్న మాట! 'నేను తయారు చేసినాను' అన్న చివరి సగం కత్తిరించి, మొదటి సగం అతను వాడుకున్నాడు. సుందరరాజులు ఒక అడుగు ముందుకు వేశాడు.

"వాడు ఈ పొద్దు ఆడడు," అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"కాలు బాగలేదు వాడికి. ఎడమ కాలు."

"ఎప్పటి నుంచి అన్నా?" రంగనాథన్ గొంతు తగ్గింది. "పొద్దున బాగనే నడిచినాడే."

"నేను ఆడించే పిలకాయ. నాకు తెలీదా?"

అబద్ధం నోటి నుంచి వచ్చేసింది. ఇప్పుడు వాడు 'లేదు అయివోరా, బాగుండాది' అంటే పోయె. నలుగురిలో తల కొట్టేసినట్టే. సుందరరాజులు కన్నన్ ముఖం చూడలేక వాడి పాదాల వైపు చూశాడు.

ఆ పాదాలు ఒక్క క్షణం కదలలేదు. తరవాత కుడి పాదం ముందుకు వచ్చింది. ఎడమ పాదం దాని వెనక మెల్లగా, వేళ్ల మీద, ఈడ్చుకుంటూ వచ్చింది. కన్నన్ కుంటుతూ పోయి గీత అవతల బల్ల మీద కూర్చుని ఎడమ కాలు చాపుకున్నాడు.

బతికిపోయాను అనుకున్నాడు సుందరరాజులు. మొదట అనుకున్నది అదే.

కన్నన్ చోట ఇంకొకణ్ని దించారు. గుడియాత్తం పిల్లల ఆట సాగలేదు. వేలూరు పిల్లలు బూట్లు వేసుకుని ఉన్నారు, తల ఎత్తి ఆడుతున్నారు. సుందరరాజులుకు గొంతులో కేకలు ఊరుతున్నాయి. సున్నం గీత కాళ్ల ముందు తెల్లగా ఉంది. ఒకసారి చిన్నమణి వెనక్కి తిరిగి చూశాడు. ఏం చెప్పాలో సుందరరాజులుకు తెలియలేదు. అరవడం తప్ప ఇంకో విధంగా ఎన్నడూ చెప్పి ఉండలేదు. పక్కనున్న రంగనాథన్ చిన్నమణికి తల ఊపాడు, అంతే. వాడు సరేనన్నట్టు మళ్లీ పరుగెత్తాడు. అది చూసి సుందరరాజులు పళ్లు బిగించాడు.

నడుమ ఒకసారి బంతి గీత దాటి దొర్లుకుంటూ వచ్చింది. సరిగ్గా కన్నన్ ఎడమ కాలి దగ్గరికి. వాడి పాదం దాని కోసం లేచింది. లేచి, ఆగింది. వాడు వంగి చేత్తో బంతి తీసుకుని, కుంటుతూ పోయి అందించి, కుంటుతూ వచ్చాడు.

ఓడిపోయారు. కట్టుబాటు ప్రకారం చేతులు కలిపారు. బాలసుబ్రమణ్యం రంగనాథన్ని పక్కకు పిలిచి చెప్పాడు, సుందరరాజులు వినేంత దగ్గరలోనే: "సోమవారం సాయంత్రానికి మా బడి పెద్దయ్యకు ఒక పేరు చెప్పాలప్పా. ఆట చూడకుండా, కాలు సరిగా లేని పిలకాయను చేర్చమని ఎట్ల అడిగేది? ఆరణి ఊరి పిలకాయ ఒకడు ఉండాడు. వాణ్ని చెప్తాను. మనసులో పెట్టుకోవద్దు."

తిరిగి వచ్చేటప్పుడు పిల్లలు వంతులు వేసుకుని కన్నన్‌కు భుజం ఇచ్చారు. వంతెన మీద సుందరరాజులు వాడి వెనకనే నడిచాడు. ఎగతాళి చేస్తున్నాడా అని ముఖం చూశాడు. ఎగతాళి లేదు. నిండు బిందె మోసుకొచ్చేవాడి ముఖంలాగా ఉంది. ఒలకకుండా ఇల్లు చేర్చాలి, అంతే. చాల్లేరా, మామూలుగా నడువు అని చెవిలో అనవచ్చు. పక్కన రంగనాథన్ ఉన్నాడు. రేపటికి వాడే మానేస్తాడులే అనుకున్నాడు.

*

ఆ వీధిలో పుట్టి పెరిగినవాడు కాబట్టి ఏ చప్పుడు ఎవరి మగ్గానిదో సుందరరాజులు అరుగు మీద కూర్చునే చెప్పగలడు. ఆదివారం పంకజమ్మ ఇంటి మగ్గం సాగిసాగి పలుకుతోంది. కన్నన్ తొక్కుడు కాదది.

"పంకజమ్మ పిలకాయకు కట్టు కట్టినారంట," అంది కోమల, బియ్యం ఏరుతూ.

"కట్టా? దేనికి?"

"దేనికేంది? కాలికి. మీరే గదా చెప్పినారంట బాగలేదని. ఎముకలు కట్టే ముసలాయన పొద్దున్నే వచ్చి పోయినాడు."

సుందరరాజులు అట్లాగే లేచి పోయాడు.

కన్నన్ అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతున్నాడు. ఎడమ కాలు ముందుకు చాపి ఉంది. మోకాలి కింది నుంచి పాదం దాకా మినప్పిండి, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురుదబ్బలు పెట్టి గుడ్డతో బిగించి కట్టారు. బయటికి కనబడే కాలివేళ్లు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. బాగున్న కాలిని కట్టు నొక్కేస్తోంది.

లోపల గుంతలోంచి పంకజమ్మ తల ఎత్తింది. నూలు విసిరే నాడె ఒళ్లో పెట్టుకుంది.

"రండి అయివోరా. మీరు చల్లగుండాల. మీరు కనిపెట్టకపోయి ఉంటే వీడు ఆ కాలితోనే ఆడి విరగ్గొట్టుకోని ఉండును. ఏటిలో గుంతలో పడినాడంట. నాకు చెప్పలే, ఎవురికీ చెప్పలే. అయివోరు ఒక్కరే చూసినారమ్మా అని రాత్రంతా అదే మాట."

సుందరరాజులు వాడి ఉబ్బిన వేళ్ల వైపే చూశాడు.

"చోటు పోతే పోయింది లే," అని ఆమె మళ్లీ నాడె తీసుకుంది. "కాలుంటే మగ్గమన్నా తొక్కుకోవచ్చు." ఆ మాట అంటూ ఆమె మగ్గం వైపే చూసింది గాని కొడుకు వైపు చూడలేదు.

రాట్నం మీద పోగు తెగింది. కన్నన్ రెండు కొసలూ పట్టుకుని, ఒకదాని మీద ఒకటి వేసి, చూపుడువేలి గోటితో తిప్పి బిగించి, కొసలు కిందికి దోపాడు. కన్ను మూసి తెరిచేలోపల అయిపోయింది. చిన్న ముడి. గట్టి ముడి. తడిమితే తప్ప తెలియదు.

సుందరరాజులు వాడి పక్కన కూలబడ్డాడు. నేత ఇంట్లో పుట్టి, పోగు అతికే ముడిని తోలు మీద చూసి పోల్చుకోలేకపోయాడు.

"బంతి తోలువారు నువ్వే కట్టినావా?"

"అవును అయివోరా. ఆటలో తెగినాది. వేలూరు అయివోరు కట్టబోతే నేనే అడిగి తీసుకున్నాను. మీ బంతి వేరేవాళ్లు ముడి వేస్తే మీకు బాగుండదు గదా." వాడు గొంతు తగ్గించాడు. "చెడిపోయిందా?"

"లేదురా. బాగుండాది."

చెప్పేద్దామని ఆయన నోరు తెరిచాడు. అప్పుడే వీధిలోంచి రంగనాథన్ వచ్చాడు. అడిగే పని లేకుండా అరుగెక్కి, కన్నన్ కాలి దగ్గర నేల మీదనే కూర్చున్నాడు. ఉబ్బిన వేళ్లను చూశాడు. వాడి కాలిని తన ఒళ్లోకి తీసుకున్నాడు. తనకు ఎన్నడూ చేతకాని పని అంత సులువుగా చేసేశాడే అని సుందరరాజులు లోపల మళ్లీ రగిలింది. తెరిచిన నోరు మూసుకుపోయింది.

"కన్నా, నిజం చెప్పు నాయనా. నొప్పి యాడుండాది?"

కన్నన్ జవాబు చెప్పే ముందు సుందరరాజులు ముఖం చూశాడు. దారి అడిగినట్టు చూశాడు. ఆయన తల తిప్పుకున్నాడు.

"ఈడ అయివోరా," అని వాడు కట్టు మీద ఒక చోట వేలు పెట్టాడు.

"బెత్తం తగిలింది ఆడనే గదా?"

"దానికేం కాలే. ఏటిలో పడినాను."

రంగనాథన్ ఆ కాలిని మెల్లగా కింద పెట్టాడు. తల ఎత్తి సుందరరాజులు వైపు చూశాడు. సుందరరాజులు చెప్పులు వెతుక్కుంటూ అరుగు దిగాడు.

*

సోమవారం ఎండ ఎక్కక ముందే వీధిలో పడుగులు చాపారు. కత్తెరగా నిలిపిన కట్టెల మీద నూలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుంది. గంజి పెట్టి, ఆరేలోపల కుంచెతో దువ్వాలి. ఇద్దరు మనుషుల పని. పంకజమ్మ ఈ పక్క కొంత దూరం దువ్వి, మళ్లీ చుట్టూ తిరిగి ఆ పక్కకు పోయి దువ్వుతోంది. కన్నన్ అరుగు మీద నుంచి చూస్తున్నాడు.

సుందరరాజులు ముందు వీధి చివర గదిలో ఉండే రంగనాథన్ తలుపు తట్టాడు. "నాతో రా అప్పా," అన్నాడు. అంతకన్నా ఏమీ చెప్పలేదు. ఇద్దరూ పడుగు పక్కగా నడిచి వచ్చారు. సుందరరాజులు చేతిలో బంతి చిక్కం ఉంది.

అరుగు దగ్గర చిక్కం దించి, కన్నన్ ముందు కూర్చుని, కట్టు ముడి విప్పడం మొదలుపెట్టాడు.

పంకజమ్మ కుంచె పట్టుకునే పరుగెత్తుకు వచ్చింది. "అయివోరా! అయ్యో, విప్పగూడదంట! ముసలాయన చెప్పినాడు..."

ఆయన విన్నట్టు లేదు. గుడ్డ విప్పాడు. వెదురుదబ్బలు ఒకటొకటిగా తీసి పక్కన పెట్టాడు. ఎండి అంటుకున్న పిండిని బొటనవేలితో మెల్లగా ఒలిచాడు. బంతి కుట్లను నిమిరినట్టే పిక్కను, చీలమండను, ఒక్కొక్క వేలినీ నిమిరాడు. రక్తం పారి వేళ్లు ఎర్రబడ్డాయి. పిక్క మీద బెత్తం వాత ఒకటే మిగిలింది, సన్నగా, నల్లగా.

వాడి చేయి పట్టుకుని వీధిలోకి దించాడు. బంతి ఎడమ కాలి ముందు పెట్టాడు.

"తన్నరా."

కన్నన్ ఒంటికాలి మీదనే నిలబడ్డాడు. బంతిని చూశాడు. అమ్మను చూశాడు. చివరికి ఆయన ముఖం చూసి, మెల్లగా అడిగాడు.

"నా కాలు బాగైపోయిందా అయివోరా?"

కుంచెలు ఆగిపోయాయి. చుట్టుపక్కల పడుగుల దగ్గరి వాళ్లు కూడా ఇటు తిరిగారు.

"దానికేమీ కాలేదురా," అన్నాడు సుందరరాజులు. గొంతు ఆయన అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఎప్పుడూ ఏమీ కాలే. నేను అబద్ధం చెప్పినాను. నా మాట పోగూడదని నువ్వు కుంటినావు. ఇంక చాలు. కాలు కింద పెట్టు."

కన్నన్ ఎడమ పాదాన్ని నేల మీద ఆనించాడు. ముందు వేళ్లు, తరవాత మడమ.

పంకజమ్మే ముందు తేరుకుంది.

"నా బిడ్డ మీకేం చేసినాడు అయివోరా?"

"వాడేమీ చేయలే. నేను తయారు చేసిన పిలకాయను ఇంకొకరు మన పిలకాయ అన్నారు. నాకు కడుపు మండినాది."

"వాడు నా పిలకాయ గదా," అంది ఆమె.

సుందరరాజులు తల ఊపి, రంగనాథన్ వైపు తిరిగాడు. "పొద్దు తిరగకముందు రైలుబండి ఉండాది. సాయంత్రం లోపల పేరు చెప్పాలన్నారు గదా. ఆయనతో నా మాటగా చెప్పు. కాలికేమీ లేదు, డ్రిల్లు మాస్టరు అబద్ధం చెప్పినాడు అని చెప్పు. వాడు ఆడేది చూడమను. చూసినాక ఇయ్యకపోతే అది వేరే. లేకపోతే నేనే వస్తాను, నేనే చెప్తాను."

"ఇద్దరం పోదాం అన్నా," అన్నాడు రంగనాథన్. ఆ మాటలో నింద లేదు. అందుకే వినడం కష్టమైంది.

పంకజమ్మ పడుగు వైపు చూసింది. నడిమి భాగంలో గంజి అప్పుడే తెల్లగా బిగుసుకుంటోంది. ఇంకాస్త ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. నెలంతా నేయాల్సిన నూలు. ఆమె నడుముకు దోపుకున్న రెండో కుంచె తీసి సుందరరాజులు ముందు చాచింది.

"వాడు వేలూరు పోతే ఈ పక్క పట్టుకునేది ఎవురు? మీరు రాండి."

ఆయన కుంచె వైపు చూశాడు. బడిలో ఉద్యోగం దొరికినప్పటి నుంచి దాన్ని ముట్టలేదు. పైగా వాణ్ని వేలూరుకు తీసుకుపోయేది రంగనాథన్. గేటు దగ్గర వాడి భుజం మీద చేయి వేసేది అతను. ఆట చూసేది అతను. తను ఈ వీధిలో గంజి దువ్వుతూ ఉండాలి. పాత కుళ్లు ఒకసారి లేచింది. లేచిందని ఆయనకు తెలిసింది. ఉత్తరీయం తీసి అరుగు మీద పెట్టి కుంచె అందుకున్నాడు.

"బంతి తీసుకపోండి," అన్నాడు కన్నన్‌తో. "బూట్లు లేవని భయపడొద్దు. తల ఎత్తి ఆడు."

"మీరు చెప్పినట్టే ఆడతాను అయివోరా."

"నేను చెప్పింది కాదురా అది. ఆయన చెప్పింది. అట్లనే ఆడు."

కన్నన్ లోపలికి పోయి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అమ్మ కాళ్లకు మొక్కాడు. వాడూ రంగనాథనూ పడుగు వెంబడి నడిచి పోయారు. చిక్కంలోని బంతి వాడి మోకాలికి కొట్టుకుంటూ ఊగుతోంది. సుందరరాజులు పడుగుకు ఈ పక్కన కుంచెతో నిలబడి వాడి నడకనే చూశాడు. మొదట నాలుగడుగులు ఎడమ కాలు అలవాటుగా ఈడ్చాడు. వీధి మలుపు దగ్గర వాడు ఆగి వెనక్కి తిరిగాడు. ఈయన కుంచె ఎత్తి చూపించాడు. వాడు తల ఊపి, రెండు కాళ్లూ సమానంగా వేసి మలుపు తిరిగిపోయాడు.

మలుపు దగ్గర ఎవరూ లేరు. ఆయన ఇంకా అటే చూస్తున్నాడు.

"చెయ్యి ఆడనీండి అయివోరా," అంది పంకజమ్మ పడుగు అవతల నుంచి. "గంజి ఆరిపోతా ఉండాది."